సిగ్నల్ అందని చింతచెట్లు

బొల్లారం దాటాక రోడ్డుకి రెండు పక్కలా చింతచెట్లు కమ్ముకున్న చోటు ఒకటుండేది. దానికి మంచి పేరు లేదు. ఆ చెట్ల కిందికి వెళ్ళగానే కార్లో పాట ఆగిపోతుందట... ఆపైన, పోయినవాళ్ళు మాట్లాడతారట.

"చీకటి పడినంక అటు పోకుండ్రి సార్, జెర సుట్టు తిరిగి పోండ్రి," అనేవాడు చాయ్ కొట్టు జంగయ్య. అందరూ నవ్వేవారు. పోలరాజు మాత్రం నవ్వలేకపోయేవాడు.

అతని స్నేహితుడు తాతాజీ పోయింది అక్కడే.

ఇద్దరూ తుని నుంచి వచ్చి ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే తాతాజీకి ఒకటే పిచ్చి పట్టుకుంది. కారు డిక్కీలో కంప్యూటర్ బిగించాడు, దానికి శాటిలైట్ రేడియో కలపాలన్నాడు.

"ఆదివారం వచ్చి కలిపిపెట్టరా," అని ఎన్నిసార్లు అడిగాడో! ప్రతిసారీ పోలరాజు ఆఫీసులో పనుందన్నాడు.

చివరికి తాతాజీ తనే ఏదో తగిలించుకున్నాడు. ఆ చెట్ల కింద, కారు నడుపుతూనే డ్యాష్‌బోర్డు దగ్గర ఊడిన తీగ నొక్కబోయి తల వంచాడు... అంతే, కారు చెట్టుకి గుద్దుకుంది.

కారు బాగుచేయించాక అతని భార్య భానుప్రియ ఫోన్ చేసింది. "ఇప్పుడైనా ఆ రేడియో కలపండి అన్నయ్యగారూ."

సైనిక్‌పురిలో వాళ్ళింటి ముందు ఆ కార్లో పొద్దుగూకేదాకా కూర్చున్నాడు పోలరాజు. రేడియోకి సిగ్నల్ అందుతోందో లేదో కంప్యూటర్‌కి తెలిసేలా తీగ గట్టిగా అతికించాడు. పాట మోగింది.

"ఒకసారి తిప్పి చూద్దాం," అందామె. చూపించిన దారి బొల్లారం వైపు. కాదనడానికి అతనికి ముఖం చెల్లలేదు.

చీకటి. చింతచెట్లు.

పాట ఆగింది.

గర్‌మని చిన్న చప్పుడు... తర్వాత, చెవి పక్కనే గుసగుసగా —

"పోలరాజూ... ఇంట్లోనే ఉన్నావు కదరా?"

తాతాజీ గొంతు!

పోలరాజు స్టీరింగ్ మీంచి చేతులు వదిలేశాడు. కారు పక్కకి లాగేసింది. పక్క సీట్లోంచి భానుప్రియ స్టీరింగ్ పట్టుకుని "బ్రేకు! బ్రేకు వెయ్యండి!" అని అరిచింది. చెట్టుకి జానెడు దూరంలో ఆగారు.

ఆమె ఏడుస్తోంది. నవ్వుతోంది కూడా.

"భయపడకండి... చెట్ల కింద సిగ్నల్ అందదు. అప్పుడు తన గొంతు వినిపించేలా ఆయనే రికార్డు చేసి కంప్యూటర్‌లో పెట్టుకున్నారు. 'వాడొచ్చి కలిపాక అదిరిపడాలి' అని. తీగ సరిగ్గా లేక ఇన్నాళ్ళూ మోగలేదు."

పోలరాజుకి ఊపిరి వచ్చింది. మరుక్షణమే ఆగింది.

"కానీ... నేను ఇంట్లో ఉన్నానని వాడికెలా..."

"మీరు ఆఫీసులో పనుందన్న ఒక ఆదివారం మీ ఇంటిదాకా వచ్చాం అన్నయ్యగారూ. కిటికీలోంచి కనిపించారు, క్రికెట్ చూస్తూ. 'పోనీలే, అలిసిపోయుంటాడు' అని ఆయనే కారు వెనక్కి తిప్పారు."