శుక్రవారం గీతలో పల్లం

"రైస్ కుక్కర్ మళ్ళీ ఆన్‌లోనే వదిలేశావా, బాంగ్?" అంది సురయా.

"అమ్మకి వేడన్నం కావాలి," అన్నాడు ఆమె భర్త ఫౌజాన్.

"ఉన్నది రెండు ముద్దలు. దానికి పొద్దుటినుంచీ వేడా?"

"ఇంట్లో కూడా మీటర్ రీడరువేనా నువ్వు?"

అత్తగారు పకపకా నవ్వింది. సురయాకు నవ్వు రాలేదు.

కౌలాలంపూర్‌లోని ఒక పెద్ద టవర్‌కు రేపు ఎంత కరెంటు కావాలో ముందే అంచనా కట్టే ఇంజనీరు ఆమె. ఇంట్లోవాళ్ళకు తెలిసింది అంతవరకే. ఆ టవర్ ఇరవై ఏడో అంతస్తులో దాచిన సాక్షికి కాపలా ఉండే సీక్రెట్ ఏజెంట్ అని తెలియదు.

సాక్షి పేరు లిమ్. ఒక విదేశీ ముఠా ఏ ఓడల్లో ఆయుధాలు దింపుతోందో తెలిసిన షిప్పింగ్ గుమాస్తా. సోమవారం కోర్టులో నోరు విప్పాలి. ఈలోగా, మంగళవారం, ఎవరో వచ్చి అతని తలుపు మీద కాల్పులు జరిపారు. లిమ్ బతికాడు; కదిలిస్తే దారిలో ప్రమాదమని అక్కడే ఉంచారు. అడ్డుపడ్డ ఏజెంట్ జెఫ్రీ ఆసుపత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు.

"ఖాళీ ఫ్లోర్ అని అందరినీ నమ్మించాం. వాళ్ళకెలా తెలిసింది?" బ్రీఫింగ్‌లో చీఫ్ రిధ్వాన్ అడిగాడు.

"తెలియదు, తువాన్," అంది సురయా.

తెలుసు. ఎలోయిస్‌కు తనే చూపించింది. ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్ ఎలోయిస్. పచ్చ పట్టు గౌను, తేనెలాంటి గొంతు. తన అంచనా మోడల్ గొప్పతనం చాటుకోవాలన్న సరదాలో సురయా ఒక సాయంత్రం ఆమె ముందు గ్రాఫ్ తెరిచింది. ఖాళీ అని చెప్పిన ఇరవై ఏడో అంతస్తుకు అంచనా గీత నేలబారుగా ఉంది. అసలు వాడకం గీత దానికి కాస్త పైన, ఒక మనిషి ఏసీ అంత. "అబ్బ, ఎంత తెలివైనదానివి!" అంది ఎలోయిస్.

శుక్రవారం పొద్దున ఆమె ఫోన్ చేసింది.

"డార్లింగ్, ఇవాళ్టి ఫోర్‌కాస్ట్ పంపు. బిల్డింగ్ ఖాళీ అయ్యే టైం చూసి లిమ్‌ని క్షేమంగా బయటికి తెస్తాను."

అక్కడ ఉన్నది లిమ్ అని ఆమెకు సురయా ఎప్పుడూ చెప్పలేదు.

"పంపుతాను," అంది.

శుక్రవారం మగాళ్ళు నమాజుకీ, ఆ సమయంలో ఆడవాళ్ళు బజారుకీ పోతారు. ఒంటిగంటకు గీత పల్లంలో పడుతుంది. మూడు కాకముందే అందరూ తిరిగొస్తారు. సురయా ఆ పల్లాన్ని మౌస్‌తో పట్టుకుని మూడు గంటల దగ్గరికి జరిపింది. ఆ ఊరివాడెవడైనా చూస్తే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. పరాయి దేశం నుంచి వచ్చిన ఎలోయిస్ "థాంక్యూ" అని పంపింది. మూడింటికి ఆమె లిమ్ కోసం వస్తుందని సురయా చీఫ్‌కు కబురు చేసింది.

మూడింటికి ఏసీ మెకానిక్ వేషంలో ఎలోయిస్ లాబీలో అడుగుపెట్టింది. జాతర! జనం ఆమెను లిఫ్టులోకి తోసుకుపోయారు.

"ఏసీకా వచ్చావు? ముందు మా పన్నెండో అంతస్తుకి రామ్మా, ఉడికిపోతున్నాం!"

"పోవయ్యా, మేం కంప్లైంట్ ఇచ్చి నెలైంది!"

అన్ని బటన్లూ వెలిగాయి. అంతస్తు అంతస్తుకీ ఆగుతూ లిఫ్టు ఇరవై ఏడుకు చేరేసరికి నల్ల టోపీల పెద్దమనుషులు ఇద్దరే మిగిలారు. తలుపు తెరుచుకుంది. ఎదురుగా సురయా, వెనక లిమ్ గది. ఎలోయిస్ పెన్ను నొక్కింది. విషపు సూది బయటికొచ్చి సురయా మెడకు వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. టోపీవాళ్ళు చీఫ్ పంపిన ఏజెంట్లు; ఒకడు ఎలోయిస్ మణికట్టు పట్టుకున్నాడు. రెండోవాడు బేడీలు తీశాడు.

"ఖాళీగా ఉంటుందన్నావే!" బుస కొట్టింది ఎలోయిస్.

"ఇవాళ శుక్రవారం. మూడింటికి అందరూ తిరిగొస్తారని ఎవరినడిగినా చెప్పేవారు," అంది సురయా.

"శభాష్ సురయా! దీన్నెలా పసిగట్టావ్?" లిమ్ గదిలోంచి వచ్చి చీఫ్ ఆమె భుజం తట్టాడు. ఆ చెయ్యి పడ్డచోట వాతపెట్టినట్టయింది.

ఆ సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నాక సురయా చేప కూర వడ్డిస్తూ ఆగింది.

"రేపు మా చీఫ్‌కి నా తప్పు చెప్పేస్తున్నాను. ఉద్యోగం పోతుంది."

"ఏం తప్పు, సు?" ఫౌజాన్ ముద్ద కలపడం ఆపాడు.

"చూపించకూడని మనిషికి ఒక గ్రాఫ్ చూపించాను. దానివల్ల ఒకతను ఆసుపత్రిలో పడ్డాడు."

అత్తగారు తేలిగ్గా చెయ్యి ఊపింది. "కరెంటు గీతలు చూస్తే మనుషులు ఆసుపత్రిలో పడతారటే! చోద్యం కాకపోతే. ఆ తోక ముక్క ఇటు వెయ్యి."

సురయా వేసింది.