లెక్కకు రాని తల

మనుషుల కోసం ఏరంతా వెతికిన మూడో మరతూనీగ కూడా తిరిగొచ్చి కుళ్లాయమ్మ భుజం మీది గూట్లో రెక్కలు ముడుచుకుంది. ఎడమ ఒడ్డున ఎవరూ లేరు, కుడి ఒడ్డునా అంతే. ఆమె మణికట్టు పలకను నోటి దగ్గరికి తెచ్చుకొని, "తొలి పరిశీలన, జనశూన్యం" అని చెప్పి, గుడారం మేకులు దిగగొట్టడం మొదలుపెట్టింది. కొట్టిన మేకు కొట్టినట్టే ఊడివచ్చింది. నదుల నీళ్లన్నీ పంచే మహాయంత్రం జలపాలిక మబ్బును గాలిలోనే తూకం వేయగలదు, ఇసుకలో నిలిచే మేకు చేయడం మాత్రం దానికి ఇంతవరకు చేతకాలేదు. చివరికి ఏటి రాళ్లు ఏరుకొచ్చి, తాళ్లకు కట్టి పాతిపెడితే గుడారం నిలబడింది.

పెన్నేరు అక్కడ కంటికి ఆనినంత ఇసుక, నడుమ ఒక సన్నని పాయ. ఆ పాయ మస్తానమ్మది. కింది ఊళ్లన్నీ కొండపట్నాలకు ఎక్కిపోయినా, ఏటి ఇసుకలో కర్బూజ పాదులు పెట్టుకొని ఆ ముసలమ్మ ఒక్కతే కదలనంది. ఒడ్డున ఒక్క మనిషి ఉన్నా ఆనకట్ట నుంచి ఒక మనిషివంతు వదలాల్సిందే, అది చట్టం. ఆ వంతుతో మస్తానమ్మ బతికింది. ఆమె చాటున పాదులు, మడుగులో చేపలు, ఆ చేపల కోసం వచ్చిన నీటికుక్కల జంట కూడా బతికాయి. వాటి సంగతి జలపాలిక అడగలేదు, ఆమె చెప్పలేదు.

పోయిన నెల మస్తానమ్మ చనిపోయింది.

చట్టంలో ఇంకో ముక్క ఉంది. మనిషి లేడన్న మాట మనిషి నోటి నుంచే రావాలి. ఒక సాక్షి ఏటి ఒడ్డున ఒంటరిగా ఒక రాత్రి పడుకొని, తెల్లవారాక "ఎవరూ లేరు" అంటే తూము శాశ్వతంగా మూసుకుంటుంది. సాక్షి విధిలో ఉంటుంది కనుక ఆమె తల లెక్కకు రాదు. ఈసారి ఆ సాక్షి కుళ్లాయమ్మ.

పొద్దు వాలుతుండగా మణికట్టు పలకలో పైఅధికారి ఫకీరప్ప గొంతు వినిపించింది. వయసులో చిన్నవాడు, ఆమెను అక్కా అనే పిలుస్తాడు.

"అక్కా, బువ్వ తింటివా?"

"ఇంకా ల్యా సార్. చెలమ తవ్వుతాండా."

"తాగే నీళ్లు ఇచ్చి పంపిస్తిమి గదా."

"ఇచ్చినారు. ఏటి పక్కన కూచోని సీసా నీళ్లు తాగాలంటే మనసు ఒప్పలేదు."

ఫకీరప్ప నవ్వాడు. "భయమైతాందా?"

"అయితాంది సార్. గోడలు లేకుండా పండుకునేది ఇదే మొదలు."

"ఒక్క రాత్రి ఓర్చుకో. తెల్లారేసరికి బండి వస్తాది. ఇంకో రెండేండ్లు గడిస్తే పింఛను, నీ క్వార్టరు నీకే."

అది నిజమే. కొండపట్నంలో గోడలు మనిషి ఊపిరిని కూడా వింటూ ఉంటాయి, నిద్రలో దగ్గితే చాలు, మందు పంపిస్తాయి. ఆమెకు అంతకన్నా తోడెవరూ లేరు. ఆ గోడలను ఆమె తిట్టుకున్నదీ లేదు, ప్రేమించిందీ లేదు.

మోచేతి లోతు తవ్వేసరికి తడి తగిలింది. మొదట ఊరిన బురద నీళ్లు తోడి పారబోసి, తేటపడేదాకా గట్టున కూర్చుంది. పక్కనే మస్తానమ్మ పాదులు తీగ సాగి ఉన్నాయి, ఆకుల కింద పండిన కాయలు వాసన వేస్తున్నాయి. రేపటి నుంచి నీళ్లు రావని వాటికి తెలియదు.

ఏటా తలల లెక్కకు పట్టపగలు వచ్చి, "ఒకరు" అని చెప్పి, సాయంత్రానికల్లా వెళ్లిపోయేది కుళ్లాయమ్మ. వచ్చినప్పుడల్లా ముసలమ్మ ఒక కాయ కోసి చేతిలో పెట్టేది. "తిన్నచోటే గింజలు పెట్టిపో అమ్మీ. ఏటి కాయకు ధర ఉండదు, ఇదొక్కటే బాకీ" అనేది. పోయిన ఏడు కాయ తింటున్నప్పుడు ఇంకో మాట కూడా అంది.

"నన్నొక్కదాన్ని లెక్కబెట్టేదానికి ఇంత దూరం వస్తావే, నిన్నెవురు లెక్కబెడతారు?"

అప్పుడు కుళ్లాయమ్మ నవ్వేసి ఊరుకుంది. ఇప్పుడు కాయ కోసి, ఒక్క ముక్క నోట్లో పెట్టుకోగానే ఏడుపు తన్నుకొచ్చింది. చూసేవాళ్లు లేరు, వినే గోడలు లేవు గనుక తనివితీరా ఏడ్చింది. తర్వాత కాయ మొత్తం తిని, గింజలు ఏరి, కూర్చున్నచోటే వేలితో గుంటలు చేసి పెట్టి, చెలమ నీళ్లు చిలకరించింది. అలవాటుగా చేసిన పనే. అయినా చేయి కడుక్కుంటుంటే సిగ్గేసింది. తెల్లవారి నీళ్లు ఆపించబోయే మనిషి ఈ రాత్రి గింజలు నాటడమేమిటి?

చీకటి పడ్డాక గుడారంలో చాలాసేపు ముడుచుకొని పడుకుంది. మడుగు వైపు ఎవరో ఈల వేసినట్టయింది. తల బయటపెట్టి చూస్తే నీటికుక్కలు. పెద్దవి రెండు, వాటి వెనక తడబడుతూ మూడు పిల్లలు. ఈసారి ఈనింది కాబోలు. అవి ఆమె వైపు ఒకసారి చూసి, పరాయిదేమీ కాదన్నట్టు తమ వేటలో తాము పడ్డాయి. అంతటితో భయం పోయింది. ఏ గోడా జోకొట్టకుండానే నిద్రపట్టింది.

తెల్లవారింది. బండి వచ్చి ఒడ్డున ఆగి తలుపు తెరిచింది. మణికట్టు మీద జలపాలిక, ఎప్పటిలాగే మర్యాదగా అడిగింది.

"సాక్షి గారూ, ఈ ఒడ్డున మనుషులు ఉన్నారా?"

కుళ్లాయమ్మ గుడారం తాళ్లు విప్పడానికి వంగి, అలాగే ఆగిపోయింది. క్వార్టరు గుర్తొచ్చింది, పింఛను గుర్తొచ్చింది. రాత్రి నాటిన చోట ఇసుక ఇంకా తడిగానే ఉంది. ఆమె విప్పబోయిన ముడిని మళ్లీ బిగించింది.

"ఉన్నారు. ఒకరు."

"తూనీగలకు ఎవరూ కనబడలేదు. ఆ ఒక్కరు ఎవరు?"

"నేను."

"విధిలో ఉన్న తల లెక్కకు రాదు."

"విధి దిగిపోతున్నా. ఈ క్షణం నుంచి. రాసుకో."

జలపాలిక జవాబుకు ఎప్పుడూ తడుముకోదు. ఈసారి తడుముకుంది. ఒడ్డున నిలబడ్డ బండి తలుపు మూసుకొని, తెరుచుకొని, మళ్లీ మూసుకుంది.

"నమోదైంది. ఒక మనిషివంతు కొనసాగుతుంది. మీరు ఉన్నంతవరకు."

మరుక్షణమే ఫకీరప్ప గొంతు. "ఏం జేస్తివక్కా? క్వార్టరు పోతాది. రెండేండ్లే గదా ఉండేది?"

"తెలుసు సార్."

"ఒక్కదానివే ఎట్లుంటావు?"

"మస్తానమ్మవ్వ ఉండలేదా? ఆ యమ్మ కంటే నాకు పదేండ్లు తక్కువే. నోట్లో పండ్లు గూడా గట్టిగుండాయి."

ఫకీరప్ప గొంతు తగ్గించాడు. "నిన్న రాత్రి ఇంకా నలుగురు సాక్షులు వేరే నాలుగు ఏర్ల ఒడ్డున పండుకున్యారు. వాళ్లు ఇంకా జవాబు చెప్పలేదు. నన్నడుగుతాండారు, లెక్క ఎట్ల చెప్పాల అని."

కుళ్లాయమ్మ చెలమలోకి వంగి చూసింది. నీళ్లు తేటగా ఊరి ఉన్నాయి, అందులో తన ముఖం కనబడుతోంది.

"ఉన్నోళ్లందర్నీ చెప్పమనండి సార్," అంది. "ముందు తమను చెప్పుకోమనండి."