ఎడమ కాలు ముందు

"మీరేంటి అక్కడ నిలబడ్డారు?" అంది ఆమె.

"మా నాన్నగారిని తీసుకొచ్చానండీ."

"తీసుకొచ్చారుగా. ఇక వరసలోకి రండి. ఈ హాల్లో చూసేవాళ్లు ఉండరు, చేసేవాళ్లే."

అది గ్రంథాలయం మేడ మీది హాలు. అరవై దాటినవాళ్లు చేతులు చాచి పాట కోసం ఎదురుచూస్తున్నారు. స్పీకర్ పక్కన ఆమె. ఫిజియోథెరపిస్టు. అక్కడందరూ ఆమెను పాటల డాక్టరమ్మ అంటారు.

"నాకు డాన్స్ రాదండీ. స్కూల్లో లెక్కలు చెబుతాను."

"అయితే ఒకటి నుంచి నాలుగు దాకా వచ్చుగా? చాలు."

ముందు వరసలో ఓ పెద్దావిడ ఫక్కున నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

నాన్న మాత్రం నవ్వలేదు. గోడ పక్కన కుర్చీలో కూర్చుని నేల చూస్తున్నారు. అమ్మ పోయి ఇంట్లో మేమిద్దరమే మిగిలినప్పటి నుంచి, ఎక్కడికి వెళ్లినా ఆయన కళ్లు ముందుగా కుర్చీని వెతుక్కుంటున్నాయి. డ్రిల్ మాస్టారుగా తరతరాల బడిపిల్లల చేత కవాతు చేయించిన మనిషి. స్నానాల గదిలో ఒకసారి జారిపడ్డారు. ఎముక విరగలేదు, ధైర్యం విరిగింది.

"ఇలాగే కూర్చుంటే ఆ కాళ్లు ఇక ఆయన్ని మొయ్యవు," అని డాక్టరు చెప్పేశారు. పాటతో కలిసి కదిలితే కాళ్లకు పట్టు వస్తుందని, పడిపోతామన్న భయం కూడా తగ్గుతుందని, ఇక్కడికి పంపింది ఆయనే.

పాట మొదలైంది. వరస కుడికి వెళితే నేను ఎడమకి వెళ్లాను. పక్కాయన భుజం గుద్దుకున్నాను. అందరి చప్పట్లూ ఆగాక నాది ఒక్కటే టప్పుమంది.

"మాస్టారూ, అది స్పెషల్ క్లాసా?" అంది ఆమె.

హాలంతా నవ్వులు. రెండో పాటకి ఇంకా అధ్వాన్నంగా తయారయ్యాను.

"ఎడమ కాలు!"

కిటికీ అద్దాలు అదిరాయి.

"ఎడమ కాలు ముందు వెయ్యరా! ఎన్నిసార్లు చెప్పాను నీకు!"

నాన్న. లేచి నిలబడి ఉన్నారు. చేయి కుర్చీ మీద లేదు.

నేను పరిగెత్తబోయాను. ఆమె కళ్లతోనే వద్దంది. పాట ఆపలేదు.

"పెద్ద మాస్టారూ, మీ అబ్బాయి నా మాట వినడం లేదు. మీరే వచ్చి దిద్దాలి."

నాన్న గోడను వదిలారు. మెల్లగా, పాట వెంటే అడుగు వేస్తూ, నా పక్కకి వచ్చి నిలబడ్డారు.

ఆ తర్వాత ప్రతి క్లాసులోనూ నేను తప్పేవాణ్ణి, ఆయన దిద్దేవారు. నెలలు గడిచేసరికి నా భుజం వదిలేసి, కమ్మీ పట్టుకుని మెట్లెక్కసాగారు. రాత్రుళ్లు నిద్రపడుతోంది. ఒకరోజు కూర మళ్లీ అడిగి వేయించుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు అక్కడే ఉండిపోయాను.

ఒక సాయంత్రం క్లాసు అయ్యేసరికి వాన పట్టుకుంది. నాన్న పైన ఎవరికో మడమ తిప్పడం నేర్పుతున్నారు. నేనూ ఆమే కింద వసారాలో చిక్కుకున్నాం.

"ఒకటి అడగనా మాస్టారూ? కావాలనే తప్పుతున్నారు కదూ?"

"ఛ, లేదండీ."

"అబద్ధం కూడా తాళం తప్పి చెబుతున్నారు. నాన్నగారు అటు తిరిగితే మీ కాళ్లు చక్కగా పడతాయి. ఇటు తిరగ్గానే పాడైపోతాయి."

జల్లు మీద పడుతున్నా ఇద్దరం వెనక్కి జరగలేదు.

"నేను సరిగ్గా వేస్తే, ఆయన మళ్లీ వెళ్లి కూర్చుంటారేమోనని."

ఈసారి ఆమె ఆటపట్టించలేదు.

"ఒక్కరోజు సరిగ్గా వేసి చూడండి," అంది చివరికి. "ఆయన కూర్చుంటే, ఈసారి నేను తప్పుతాను."

మరుసటి క్లాసులో సరిగ్గా వేశాను. నాన్న నా కాళ్లనే చూశారు. తర్వాత మాట్లాడకుండా కుర్చీ వైపు నడిచారు. ఆమె చేయి స్పీకర్ మీదే ఆగిపోయింది.

ఆయన కుర్చీ మీది తువ్వాలు తీసుకుని, ముఖం తుడుచుకుని, తిరిగొచ్చారు.

"నీకు ఎప్పుడో వచ్చేసిందిరా. నాకు తెలుసు."

"తెలిసీ తిట్టారా?"

"నేను తిట్టడం మానేస్తే, నువ్విక్కడికి రావడం మానేస్తావని."

అని ఆమె వైపు చూశారు. ఆమె స్పీకర్ వైర్లు సర్దుకుంటోంది. సర్దడానికి అక్కడేమీ లేదు.

క్లాసు అయ్యాక ముగ్గురం మెట్లు దిగాం. అప్పుడే మరో వాన వెలిసి వీధంతా మెరుస్తోంది. వాకిట్లో నాన్న ఆగారు.

"మీ అమ్మా అంతే. సాయంత్రం నడకలో ఎప్పుడూ అడుగు కలిసేది కాదు. ఆగి, చేయి పట్టుకుని, మళ్లీ మొదలుపెట్టించేవాణ్ణి. ఇన్నేళ్లూ ఆవిడకి రాదనే అనుకున్నాను."

కాసేపు వీధి వంక చూశారు.

"వచ్చేమోరా."

తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు.

"సరే, ఇంటికి నేనొక్కణ్ణే నడిచి వెళతాను. వెనకాల రాకు. అమ్మాయీ, వీణ్ణి కాస్త చూసుకో."

వెళ్లిపోయారు. ఎడమ కాలు ముందు. మలుపు దాటేదాకా చూస్తూ నిలబడ్డాం.

"టీ తాగుదామా?" అన్నాను.

"పదండి."

ఇద్దరం కలిసి బయల్దేరాం. నాలుగు అడుగులు పడ్డాయో లేదో, నా అడుగు తప్పింది. ఆమె ఆగి, నా చేయి పట్టుకుంది.

"కావాలనేనా?"

"అవునండీ," అన్నాను.