జనరల్ గారు ఇంకా కెప్టెనే

"ముత్యం మనవైపు లేదు, అభిరామ్! మొమెంటోలో విషసూది ఉంది. టైమర్ నాలుగున్నరకి సెట్ చేశారు. నేనింకా హైవే మీదే ఉన్నా. ఎలాగైనా ఆపు!"

ఇయర్‌పీస్‌లో చీఫ్ వైదేహి గొంతు ఆగేలోపే ఏజెంట్ అభిరామ్ తలుపు లాగాడు. రాలేదు. బయట గడియ పడింది. జవాబిద్దామంటే మైక్ చచ్చింది. ఫోన్ ఇందాక "ఒక్క కాల్ చేసుకుంటా" అంటూ సుప్రజ పట్టుకుపోయింది. ముత్యం అంటే ఆ సుప్రజే. ఆరు నెలలుగా ఆయుధాల ముఠా గుట్టు మోసుకొస్తోందని డిపార్ట్‌మెంటంతా మురిసిపోయింది.

కెనడాలోని ఓక్‌విల్‌లో తెలుగువాళ్ల సభ. ఒకప్పుడు ఐస్ హాకీ ఆడిన హాలు. వెనకవైపు, అరిచినా బయటికి వినిపించని అద్దాల గదిలో అభిరామ్ వీడియోగ్రాఫర్ వేషంలో ఉన్నాడు. వేదిక మీద ముఖ్య అతిథి, లెఫ్టినెంట్ జనరల్ హ్యూ పెన్రోజ్. బ్రిటిష్ సైన్యంలో ముప్పై ఎనిమిదేళ్లు చేసి ఈ ఊళ్లో స్థిరపడ్డాడు. ముఠావాళ్ల పేర్లన్నీ తెలిసిన ఏకైక సాక్షి. రేపు ఒటావాలో వాంగ్మూలం ఇవ్వాలి. ఆయన పక్కనే పట్టుచీరలో సుప్రజ, చేతుల్లో వెండి పళ్లెం, అందులో మొమెంటో.

తాళాలు కోసే లేజర్ పెన్ తీశాడు. ఛార్జింగ్ లేదు. కుర్చీ ఎత్తి అద్దాన్ని బాదాడు. హాకీ బిళ్ల దెబ్బలకే చెక్కుచెదరని అద్దం, కుర్చీకాలే విరిగింది.

నాలుగూ ఇరవై నాలుగు. అచ్చువేసిన ప్రోగ్రామ్ ప్రకారం పరిచయం ఐదు నిమిషాలు, తర్వాత శాలువా, నాలుగున్నరకి మొమెంటో. అభిరామ్ రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. పరిచయం చేస్తున్న రిటైర్డ్ హిస్టరీ ప్రొఫెసర్ విశ్వనాథం గారు చూశారు.

"మన వీడియో బాబు టైమైందంటున్నాడు. సరే, షార్ట్ చేస్తా" అని నాలుగు పేజీలు ఒక్కసారే తిప్పేశారు.

సుప్రజ ఒక అడుగు ముందుకేసింది. అభిరామ్‌కి ఏడుపొచ్చింది. ఇంత చేతకానితనం అతను ఏనాడూ ఎరగడు. తన చేతులతో తనే జనరల్‌ని చంపుతున్నాడు!

అప్పుడు తట్టింది. ముఠావాళ్లు ప్రోగ్రామ్ కాగితాన్ని నమ్మి టైమర్ పెట్టారు. పాపం, వాళ్లకి మన సభలు తెలియవు.

అభిరామ్ చేతులు దించాడు. చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. అరచేతులు మండేలా, కళ్లలో నీళ్లతో కొట్టాడు.

విశ్వనాథం గారు కరిగిపోయారు. "కాదట! పూర్తిగా వినాలని ఉందట!" పేజీలు వెనక్కి వచ్చాయి. "శాండ్‌హర్స్ట్ మిలిటరీ అకాడమీలో ట్రైనింగ్ అయ్యాక, మన ఆల్బెర్టా మైదానాల్లోనే కెప్టెన్‌గా ట్యాంకులు నడిపిన ఈ మహానుభావుడు..."

నాలుగూ ఇరవై తొమ్మిది. సుప్రజ ముఖంలో నవ్వు లేదు. "అంకుల్, మొమెంటో..."

"ఉండమ్మా, ఇంకా కెప్టెనే. మేజర్ కానివ్వు!"

ఆమె పళ్లెం ఖాళీ కుర్చీలో పడేసి పరుగెత్తింది. టక్‌మని చప్పుడు. సూది ఎగిరి వెనకాల ఫ్లెక్సీలో, జనరల్ ఫొటో ముక్కు మీద దిగబడింది. అసలు జనరల్ ఉలిక్కిపడి నిద్ర లేచాడు.

"నేను కారు దిగేసరికి గుమ్మంలోనే దొరికింది!" చెవిలో వైదేహి. "శభాష్! ఎలా ఆపావయ్యా?"

చెప్పడానికి మైక్ లేదు. గడియ తీసేవాళ్లూ లేరు. వేదిక మీద విశ్వనాథం గారు గొంతు సవరించుకుని ఇంకో పేజీ తిప్పారు. జనరల్ కావడానికి ఇంకా పదిహేడు పేజీలున్నాయి.