కన్ను తెరిచిన జీరంగి

రామన్నపేటలో నకాషీ బొమ్మలు వేసే రామచంద్రం తన గదిలోనే చచ్చిపడి ఉన్నాడు. తల వెనుక దెబ్బ. ఎదురుగా గోడమీద ఫ్రేములో పాత జీరంగి బొమ్మ. వానకాలం తుమ్మచెట్ల మీద వాలే పచ్చటి పురుగు అది. శవం వైపే చూస్తున్నట్టుంది. సీఐ సుచరిత దాని ముందే ఆగిపోయింది.

ఇంట్లో ఉండేది ఇద్దరే. ముసలాయన, భర్త పోయిన కోడలు అండాలు. ఊరంతా అండాలునే వేలెత్తి చూపుతోంది. ఆమెను అరెస్టు చేయమని పైనుంచి ఒకటే ఫోన్లు.

"నిమ్మకాయలు అమ్మనీకి నకిరేకల్ పోయిన మేడం. వచ్చేసరికి మామ గిట్ల పడి ఉన్నడు. గా పురుగే చంపింది."

"పురుగా?"

"దానికి కండ్లు లేకుండె. ఇప్పుడు తెరిచింది."

హెడ్ కానిస్టేబుల్ బీరప్ప కిసుక్కున నవ్వాడు. సుచరిత నవ్వలేదు.

"కండ్లు ఎందుకు లేవు?"

"మామోళ్ల ముత్తాత గీసిండు. ఒక తెల్లదొర పురుగుల శాస్త్రం రాస్తుంటే, సూదులకు గుచ్చి తెచ్చినవాటిని చూసుకుంట గీసిండు. మేం ఏ బొమ్మకైనా కండ్లు ఆఖరుకు పెడతం. పెడితే పాణమొస్తది. చచ్చినదానికి పాణమెందుకని వదిలేసిండట."

సుచరిత లెన్స్ తీసింది. పక్క ఫ్రేముల్లోని పేడపురుగు, మిడత బొమ్మల్లో కళ్ల చోటు ఖాళీ. జీరంగికి మాత్రం నల్లటి కన్ను, అందులో తెల్ల చుక్క. ఫ్రేము విప్పి కాగితం వాసన చూసింది. కొత్త కాగితాన్ని చాయ్ నీళ్లలో ముంచి పాతదిగా చేశారు.

అసలు బొమ్మ పోయింది!

మర్నాడు అదే గదిలో ముగ్గురిని కూర్చోబెట్టింది. అండాలు, చౌటుప్పల్‌లో ప్రింటింగ్ షాపు నడిపే నాగరాజు, రామచంద్రం శిష్యుడు పరమేష్.

"నాగరాజూ, బొమ్మ అమ్మమని అడిగినవా?"

"అడిగిన. ఇయ్యనన్నడు. గీ నకలు నాది కాదు మేడం. నా మిషన్‌ల ఉన్నది ఉన్నట్టే వస్తది."

"నేననేదీ అదే. మిషన్ అయితే కన్ను రాదు. బయటివాడు గీసినా ఉన్నదే గీస్తాడు. అండాలుకు కుంచె పట్టడమే రాదు. మరి లేని కన్ను పెట్టిందెవరు? కన్ను పెట్టకుండా బొమ్మ ముందు నుంచి లేవడం చేతకాని మనిషి."

సుచరిత పరమేష్ వైపు తిరిగింది.

"నేనే మేడం. అసలుది అమ్ముకున్న. నకలు గీస్తుంటే దాన్ని గుడ్డిగ వదిలిపెట్టనీకి చెయ్యి రాలె. సారు చూడంగనే గుర్తుపట్టి అంగీ పట్టుకున్నడు. నూకేసిన. తల బండకు తాకింది."

బీరప్ప బేడీలు తీశాడు. అండాలు అడ్డం వచ్చింది. తన మీది నింద పోయిందన్న సంతోషం ఆమె మొహంలో ఏ కోశానా లేదు.

"పరమేషూ, పడినంక మామకు పాణమున్నదా?"

"ఉండె వదినా."

"ఏమన్న అన్నడా?"

"నీళ్లు అడిగిండు."

"ఇచ్చినవా?"

పరమేష్ తల దించుకున్నాడు. అండాలు అక్కడే కూలబడి బోరున ఏడ్చింది.