సీట్ల మీద బేరం లేదు

శనివారం పొద్దున ఆర్డిస్ రెండు కప్పుల్లో కాఫీ పోసుకుని గ్యారేజీలోకి వెళ్లింది. మొగుడు నార్బర్ట్ అప్పటికే స్టూలు మీద కూర్చుని, ఎడమకాలు ముందుకు చాపుకుని, పాత బనియను గుడ్డతో బంపరు తుడుస్తున్నాడు. మెరుస్తున్న బంపరునే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు.

ఆ బండిని చూసి ఆగని మనిషి సాగినా అనే ఆ అమెరికా ఊళ్లో లేడు. 1970 నాటి షెవెల్ కారు. ముదురు ఆకుపచ్చ రంగు, పొడవాటి ముక్కు మీద రెండు తెల్లచారలు. తాళం తిప్పితే వంటింట్లో గిన్నెలు కూడా గలగలమనేవి. ఒక రైతు కొట్టంలో తుప్పుపట్టి, కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న దాన్ని తెచ్చి ఇద్దరూ తొమ్మిదేళ్లు కష్టపడి ఈ రూపానికి తెచ్చారు. ఏటా చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు వానలకు కొట్టుకుపోగానే దాన్ని బయటికి తీసి, ఐస్‌క్రీము తినడానికి బే సిటీ దాకా వెళ్లొచ్చేవాళ్లు. ఈ ఏడు మాత్రం నార్బర్ట్ మోకాలికి ఆపరేషనయింది. అంత గట్టి క్లచ్ ఇక తొక్కొద్దని డాక్టరు కరాఖండిగా చెప్పేశాడు. ఊరికే నిలబెడితే బండి పాడైపోతుందని అమ్మకానికి పెట్టాడు నార్బర్ట్.

బండి అద్దానికి లోపలినుంచి అతికించిన అమ్మకం కాగితాన్ని ఆర్డిస్ అప్పుడే చూసింది. 'బోల్టు నుంచి పెయింటు దాకా అంతా నేనొక్కడినే, నా చేతులతో చేశాను' అని పెద్దపెద్ద అక్షరాలతో రాసి ఉంది.

"నువ్వొక్కడివేనా?" అంది.

"ఊఁ?"

"మరి సీట్లు దయ్యాలు కుట్టాయా నార్బ్?"

అతని చెయ్యి ఆగింది. "అది కాదు... పాత కార్ల క్లబ్బులో వాళ్లన్నారు. ఇంట్లో కుట్టిన సీట్లంటే బండి విలువ పడిపోతుందట."

"ఇంట్లో కుట్టినవా! ఇరవయ్యారేళ్లు కార్ఖానాలో కార్ల సీట్లు కుట్టిన చేతులయ్యా ఇవి. నీ క్లబ్బులో ఒక్కడికైనా సూదిలోకి దారం ఎక్కించడం వచ్చా?"

"అరవకు ఆర్డిస్. కొనేవాళ్లు వచ్చే టైమయింది."

"రానీ. నాకేంటి? నేనీ బండికి ఏమీ కానుగా!"

కాఫీ కప్పులు ఠక్కున బల్ల మీద పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చలికాలాలు బేస్‌మెంటులో కూర్చుని కుట్టిందా సీట్లను. ఒక మడత దారమంత పక్కకు పోయిందని మొత్తం విప్పి మళ్లీ కుట్టింది. అప్పుడు ఈ మనిషే వెనకాల నిలబడి బట్ట పట్టుకుని, "ఇంత పనితనం ఎక్కడ దాచావే!" అని మురిసిపోయాడు. ఇప్పుడు చూస్తే ఈ కాగితం!

పదింటికి వెండెల్ అనే పెద్దమనిషి, కొన్న బండిని ఎక్కించుకుపోవడానికి ట్రైలరు తగిలించుకుని వచ్చాడు. ఇలాంటి బళ్లు ఇరవై ఉన్నాయట ఆయనకు. ఆర్డిస్ చేతులు కట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. ఆయన టార్చి పట్టుకుని బండి కిందికి దూరాడు. లేచి చుట్టూ తిరిగాడు. తలుపు వేసి, ఆ చప్పుడు విని, కళ్లు మూసుకున్నాడు.

"అబ్బా! తలుపు పడిన తీరు చూడండి! ఎంత ఓపికండీ మీకు!"

తరవాత వెనక సీటు పైకెత్తి అడుగున టార్చి వేశాడు. ఒక్కసారిగా గొంతు మారిపోయింది.

"ఇవి ఫ్యాక్టరీ సీట్లే! కుట్టినావిడ నంబరు కూడా ఉంది చూడండి, సుద్దముక్కతో. నలభై ఏడు. యాభై ఏళ్లు ఇంత పదిలంగా ఎలా దాచారండీ?"

ఆర్డిస్ గుమ్మంలోంచి ముందుకు వంగింది. ఆ నలభై ఏడు తనది. సీటు పూర్తికాగానే అడుగున నంబరు వేయడం కార్ఖానాలో అలవాటు. ఇంట్లోనూ ఆలోచించకుండానే వేసేసినట్టుంది. ఇప్పుడు నార్బర్ట్ నోరు మెదపకపోతే చాలు, అడిగిన ధర చేతిలో పడుతుంది. ఆమె మొగుడి మొహంలోకి చూసింది. ఇప్పుడు కూడా ఈ మనిషి మాట్లాడకపోతే ఇక జన్మలో క్షమించలేననుకుంది.

నార్బర్ట్ గుడ్డను రెండు మడతలు పెట్టాడు.

"అవి ఫ్యాక్టరీవి కావండీ. మా ఆవిడ కుట్టింది. ఆ నంబరు ఆవిడదే."

వెండెల్ నవ్వబోయి ఆగాడు. "నిజమా మేడమ్?"

"బేస్‌మెంటులో కుట్టాను," అంది ఆర్డిస్.

ఆయన టోపీ తీశాడు. "నలభై ఏళ్లుగా ఈ బళ్లు కొంటున్నాను. నన్నింతగా ఏమార్చిన పని ఎక్కడా చూడలేదు." మళ్లీ టోపీ పెట్టుకుని నిట్టూర్చాడు. "కానీ పాత కార్ల పోటీల్లో జడ్జీలు ఒప్పుకోరు. ఇవి తీయించేసి, పాత సీట్లు ఎక్కడున్నా వెతికించి వేయించాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించండి."

"తీయించేస్తారా?" అన్నాడు నార్బర్ట్.

"తప్పదు మరి."

"మిగతా దేని మీదైనా బేరమాడండి," అన్నాడు నార్బర్ట్. "సీట్ల మీద బేరం లేదు. అవి లేకుండా ఈ బండి గుమ్మం దాటదు."

ఆయన ఇద్దరికీ చెయ్యిచ్చి, ఖాళీ ట్రైలరుతో వెళ్లిపోయాడు.

ఆర్డిస్ స్టూలు దగ్గరికి వచ్చింది. "ఇంతమాత్రం దానికి పొద్దున ఆ కాగితం ఎందుకు రాశావు?"

నార్బర్ట్ తల దించుకున్నాడు. "క్లబ్బు సంగతి వట్టి సాకే. ముందు నీ పేరే రాయబోయాను. రాస్తే అమ్మలేననిపించింది ఆర్డిస్. పెన్ను కదల్లేదు."

ఆమె ముక్కు చీదుకుని, గోడ మేకుకున్న తాళంచెవులు తీసింది.

"పిచ్చి మొగుడా! మోకాలు పోయింది నీది. నాది కాదుగా?"

"నువ్వు తోలతావా? దీని క్లచ్ ఎంత గట్టిదో తెలుసా?"

"పదిహేనేళ్లకే మా నాన్న చక్కెరదుంపల లారీ తోలాను. ఇన్నేళ్లలో ఒక్కసారైనా 'తోలతావా' అని అడిగావా నువ్వు?"

"నువ్వూ అడగలేదుగా."

"నీ ప్రాణమంతా దీనిలోనే ఉందని ఊరుకున్నాను. పద, కూర్చో."

నార్బర్ట్ మొదటిసారి పక్క సీటు వైపు తలుపు తీసుకుని ఎక్కాడు. ఆమె తాళం తిప్పగానే గ్యారేజీ గోడలు అదిరాయి.

"మెల్లగా, క్లచ్ ముందు..."

"నోరు మూసుకుని కూర్చో."

బండి కుదుపు లేకుండా ఎండలోకి జారింది. అతను గుడ్లప్పగించి ఆమె కాలినే చూశాడు. వీధి చివర ఆగినప్పుడు అద్దం మీది కాగితాన్ని లోపలినుంచి పీకి, ఒడిలో పెట్టుకుని, జేబులోని పెన్నుతో 'నేనొక్కడినే' అన్నది కొట్టేశాడు. దాని పక్కన ఆమె పేరు రాయసాగాడు.

"అమ్మకం లేనిదానికి ఇప్పుడెందుకది?" అంది ఆర్డిస్.

"అందుకే," అన్నాడు. "ఇప్పుడు రాయొచ్చు."