సిగ్రున్ కొనుక్కున్న పికప్

శనివారం పొద్దున సిగ్రున్ పొయ్యి మీద పాలలో బియ్యం ఉడకబెట్టి గరిటె తిప్పుతోంది. వాళ్లుండే సముద్రపు పాయ ఒడ్డున చాలా ఇళ్లల్లో శనివారం మధ్యాహ్నం పాలబియ్యం జావే భోజనం. పైన దాల్చినచెక్క పొడి, పంచదార, నడుమ వెన్నముద్ద. గరిటె ఆపితే అడుగంటుతుందన్నది నిజమే గానీ, ఈరోజు ఆమెకు అదొక సాకు కూడా. కిటికీ బయట భర్త టోర్‌లైవ్ కరెంటు కారును కడుగుతున్నాడు. పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేస్తున్నంత శ్రద్ధగా అద్దాలు తుడుస్తున్నాడు. అది చూడటం ఆమెకు ఇష్టం లేదు.

కారు అమ్మేయాలని టోర్‌లైవే నిర్ణయించాడు. ఆ డబ్బుకు దాచుకున్నది కలిపి, లోపలే పడుకుని వండుకునే పెద్ద వ్యాను కొంటాడు. ఈస్టరు వెళ్లగానే ఇద్దరూ దక్షిణానికి బయలుదేరి, పోర్చుగల్ ఎండలో తిరిగి తిరిగి, ఆకులు రాలే వేళకు ఇల్లు చేరతారు. "నీ కోసమే" అన్నాడు ఆ సంగతి చెప్పినప్పుడు. అంత సంబరంగా చెప్పిన మనిషి ముందు సిగ్రున్‌కు కాదనడానికి నోరు రాలేదు.

అమ్మకపు ప్రకటన కూడా ఆయనే రాశాడు. "మామూలు కారు. అదనపు హంగులేమీ లేవు. పెద్దవాళ్లు నెమ్మదిగా నడిపినది." అది చదివి కూతురు టూవా తల పట్టుకుంది. ఇలా రాస్తే ఎవడూ రాడని, నాలుగు మంచి మాటలు చేర్చమని పోరింది. గొప్పలు చెప్పుకోవడం మన ఇంటా వంటా లేదన్నాడు తండ్రి. వాళ్ల దేశంలో సొంత సొమ్మును పొగుడుకోవడం కంటే దొంగతనమే కాస్త మర్యాదగా ఉంటుందేమో. రాసింది భార్యకు చదివి వినిపించాడు. "బాగుంది" అంది సిగ్రున్. కానీ అందులో రెండో వాక్యం అబద్ధమని ఆమెకొక్కదానికే తెలుసు.

గ్రంథాలయ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆమె అవతలి ఒడ్డు చర్చిలో పాడే బృందంలో చేరింది. సాధన బుధవారం సాయంత్రం. వేళకు కార్లను అవతలికి చేర్చే పడవ, ఫెర్రీ, ఒక్కటే. రేవుకు పోయే దారి అంతా మలుపులు. ఆ మలుపుల నిండా సాల్మన్ చేపల లారీలు. దాటడానికి వీలున్న తిన్నని రోడ్డు ఒకే ఒక్కచోట ఉంది, అదీ దాటాలా వద్దా అని ఆలోచించేలోపే అయిపోతుంది. కారు పికప్ చాలక లారీ వెనకే జోగుతూ వెళ్లి, కళ్ల ముందే ఫెర్రీ కదిలిపోవడం చూసి ఎన్నోసార్లు వెనక్కి వచ్చింది. ఒకరోజు ఏడుపు ఆపుకోలేక రేవులోనే కారాపుకుని ఫోను తెరిచింది. ఫలానా మొత్తం కడితే మీ కారు పికప్ పెరుగుతుందని కారు కంపెనీ ఎప్పటి నుంచో ఊరిస్తోంది. స్పానరు అక్కర్లేదు, షెడ్డుకు వెళ్లక్కర్లేదు. కట్టేసింది. తెల్లారేసరికి అదే కారు, కాలు ఆనిస్తే చాలు, గుండె జల్లుమనేలా దూకింది. ఈ వయసులో పికప్ కొనుక్కున్నానని మొగుడికి ఏమని చెబుతుంది?

ఇప్పుడు జూన్ కచేరీలో ఆమెకు ఒంటిగా పాడే పాట ఇచ్చారు. అదీ ఇంట్లో చెప్పలేదు. కారు పోతే వ్యాను వస్తుంది, జూన్‌లో తను పోర్చుగల్‌లో ఉంటుంది, ఆ పాట పోతుంది.

కొనడానికి వచ్చినతని పేరు యోస్టైన్. అవతలి ఒడ్డున చేపల పెంపకంలో పని. ఫెర్రీ దిగినతన్ని టూవా తన కారులో తీసుకొచ్చింది. అతను నడుపుతుండగా టోర్‌లైవ్ పక్కన కూర్చున్నాడు, ఇద్దరూ ఒక చుట్టు వెళ్లి వచ్చారు. దిగేటప్పుడు టోర్‌లైవ్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. టోపీ వెనక సీట్లో పడి ఉంది. ఆయన ఎప్పుడూ పాదం గుడ్డు మీద ఆనించినట్టు నడిపేవాడు. ఇన్నాళ్లూ తన కారేమిటో తనకే తెలియలేదు.

వంటింట్లోకి వచ్చి యోస్టైన్ మర్యాదగానే అడిగాడు. "హంగులేమీ లేవని రాశారు. మరి ఇదేమిటండీ?"

టూవా వెళ్లి కారు తెర మీద వెతికి, పరిగెత్తుకుంటూ వచ్చింది. పికప్ డబ్బు కట్టి పెంచినదే. నెలనెలా కట్టేది కాదు, ఒకేసారి కొన్నది, కారుతోపాటే కొత్త యజమానికి వెళ్తుంది. ఇంకేం, ధర పెంచొచ్చని ఎగిరి గంతేసినంత పని చేసింది. పట్నంలో పాత కార్ల వ్యాపారిని పోయిన వారమే అడిగానని టోర్‌లైవ్ అడ్డుపడ్డాడు. వాళ్లు కారు వయసు, తిరిగిన దూరం, బ్యాటరీ ఆరోగ్యం చూస్తారట. తర్వాత చేర్చిన హంగులకు చిల్లిగవ్వ ఇవ్వరట. యోస్టైన్ భయం వేరు. పికప్ కావాలని డబ్బు కట్టినవాడు కారును ఊరికే నిలబెడతాడా, బ్యాటరీనీ టైర్లనూ అరగదీసి ఉండడా అని అతని అనుమానం. అలాగైతే ధర పెరగడం కాదు, తగ్గాలి.

"ధర సంగతి తర్వాత," అన్నాడు టోర్‌లైవ్. కూతురి వైపు తిరిగాడు. "టూవా, ఇది నీ పనేనా?"

"నాకేం పని నాన్నా? నా కారుకే దిక్కులేదు."

సిగ్రున్ గరిటె కింద పెట్టింది. "నేనే కొన్నాను."

పొయ్యి మీద జావ కుతకుతలాడుతోంది.

"రాసింది నీకు చదివి వినిపించాను. బాగుందన్నావు."

"అన్నాను."

"ముక్కూ మొహం తెలియని మనిషి ముందు నన్ను అబద్ధాలకోరును చేశావు సిగ్రున్. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఎందుకని అడుగుతావు. అది చెబితే కారు అమ్మడం ఎందుకు వద్దంటున్నావని అడుగుతావు. నువ్వు పోర్చుగల్ పటాలు గోడకు అంటించుకున్నావు. ఇంకేం చెప్పను?"

"కారు అమ్మొద్దని నువ్వెప్పుడన్నావు?"

"అమ్మాలా అని నువ్వెప్పుడడిగావు?"

యోస్టైన్ పొరపాటున వేరే ఇంట్లోకి వచ్చినవాడిలా గోడ గడియారం చూశాడు. ఫెర్రీకి వేళయింది. ఇది తప్పితే సాయంత్రం దాకా ఇంకోటి లేదు, ఆటకు వెళ్లిన పిల్లలను ఇంటికి తెచ్చుకోవాలి. టూవా తాళాల కోసం జేబు తడుముకుంది. అంతలో సిగ్రున్ కోటు తొడుక్కుంది. "టూవా, నువ్వు జావ కలుపు. నేను దింపుతాను. కారు ఎలా నడిచిందో కొనేవాళ్లు చూడాలిగా." ముఖం మాడ్చుకునే టోర్‌లైవ్ వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

దారిలో అనుకున్నంతా అయింది. మూడో మలుపు తిరిగేసరికి ముందు చేపల లారీ. తాపీగా, దారంతా తనదేనన్నట్టు పోతోంది. ఇక ఫెర్రీ మీద ఆశ వదులుకున్నానని యోస్టైన్ అన్నాడు. సిగ్రున్ దూరం ఉంచి నిబ్బరంగా వెనకే వచ్చింది. తిన్నని రోడ్డు కనబడగానే ఎదురుగా ఎవరూ లేరని చూసుకుని, సిగ్నలు వేసి కాలు ఆనించింది. కారు ఒక్క ఉదుటున ముందుకు దూకింది. లారీ కిటికీ పక్కకొచ్చింది, వెనక్కి పోయింది. మలుపు రాకముందే కారు తన వరసలోకి వచ్చేసింది. వేగం పరిమితి దాటలేదు.

"అంతే," అంది. "బుధవారం వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి. మిగతా దారంతా ముసలమ్మలాగే నడుపుతాను."

యోస్టైన్ నవ్వేశాడు, ఇంకోసారి చేయమని చిన్నపిల్లాడిలా అడిగాడు. అప్పుడే ఆమె తనకు తెలియకుండానే పాట అందుకుంది. లారీ దాటాక రేవు దాకా పాడుకోవడం ఆమెకు అలవాటు. గొంతు మెల్లగా మొదలై, చరణంలో పైకి లేచి కారంతా నిండింది. వెనక సీట్లో టోర్‌లైవ్ పడి ఉన్న టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె వెళ్లేది పదిమందితో గొంతు కలిపి, కేకు తిని రావడానికనుకున్నాడు ఇన్నాళ్లూ. ఆ గొంతు ఆయన ఎన్నడూ వినలేదు. కారులో వేరే మనుషులున్నారని గుర్తొచ్చి ఆమె చటుక్కున ఆపేసింది.

రేవు చేరేసరికి ఫెర్రీ ఇంకా నోరు తెరుచుకునే ఉంది. యోస్టైన్ దిగలేదు. అతని కళ్లు మెరుస్తున్నాయి. తాను భయపడింది తప్పని, ఇలా నడిపిన కారులో ఆ పికప్ ఉండటం వరమేనని, అడిగినదానికి పైగా ఇస్తానని గబగబా చెప్పాడు. డబ్బు ఫోనులో ఇప్పుడే పంపుతాడు, పేరు మార్పిడీ ఫోనులోనే అయిపోతుంది, ఇదే కారు నడుపుకుంటూ ఫెర్రీ ఎక్కుతాడు. ఫెర్రీ మనిషి చేతులూపుతున్నాడు, కారు ఎక్కుతుందా ఎక్కదా అని.

టోర్‌లైవ్ ముందుకు వంగాడు. అద్దంలో ఆయన కళ్లు సిగ్రున్‌కు కనబడ్డాయి, ఎర్రగా.

"సిగ్రున్," అన్నాడు. "అమ్మాలా?"

ఇన్నేళ్ల కాపురంలో చిన్నదో పెద్దదో ఆయన చెప్పడం, తను తలూపడం. ఆమె తల అలవాటుగా ఊగబోయింది. స్టీరింగు గట్టిగా పట్టుకుంది.

"వద్దు," అంది. "జూన్‌లో నేనొక్కదాన్నే పాడతాను. నాకా పాట కావాలి."

అనేసి, స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది. టోర్‌లైవ్ యోస్టైన్‌కు క్షమాపణ చెప్పాడు, ఊరికే తిప్పించామన్నాడు. క్షమాపణ ఎందుకని, జూన్‌లో ఎన్నో తేదీయో చెప్పమని అడిగి, అతను దిగి పరిగెత్తాడు. ఫెర్రీ మనిషి గొలుసు వేశాడు.

"నీకు పోర్చుగల్ ఇష్టం కదా," అంది సిగ్రున్ ముక్కు తుడుచుకుంటూ.

"పోర్చుగల్ ఎక్కడికీ పోదు," అన్నాడు టోర్‌లైవ్. ఆ మాట చెప్పడానికి కొంచెం కష్టపడ్డాడు. "ఇందాక పాట సగంలో ఆపావు."

ఆమె తల తిప్పి వెనక్కి చూసింది. టోపీ ఒళ్లో పెట్టుకుని, బడిలో చీవాట్లు తిన్న పిల్లాడిలా కూర్చుని ఉన్నాడు.

"ముందుకొచ్చి కూర్చో," అంది. "మొదటి నుంచీ పాడతాను."